పెద్ద టైరు వేస్తే పాత జీపు బలపడుతుందా?

పశ్చిమ ప్రకాశంలో జీపు నడిపే మనిషికి ఒక్క రోజులోనే నాలుగు రకాల నేల ఎదురవుతుంది. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దగ్గర పదునైన అంచులున్న రాతిముక్కలు. గుండ్లకమ్మ ఏట్లో దిగితే ఇసుక. వాన పడ్డ చేలల్లో చక్రానికి చుట్టుకుపోయే మట్టి. డోర్నాల దాటితే నల్లమల ఘాటు, గిద్దలూరు దాటితే నంద్యాల వైపు మరో ఘాటు. శ్రీశైలం కొండల్లో ఇష్టకామేశ్వరి గుడికి పోయే అడవిదారిలో అయితే బండరాళ్లు తప్ప రోడ్డన్నదే కనబడదు. అక్కడ జీపు తప్ప మరో బండి పనికిరాదు.

ఈ నేలలో తిరిగే పాత ఫోర్ బై ఫోర్ బండి యజమానికి ఎప్పుడో ఒకప్పుడు ఒక కోరిక పుడుతుంది. టైర్లు ఎలాగూ అరిగాయి, ఈసారి ఒక సైజు పెద్దవి వేయిద్దాం అని. వేయిస్తాడు. బండి ఎత్తుగా, దర్జాగా కనిపిస్తుంది. రాళ్లదారిలో కింద తగలడం కూడా తగ్గుతుంది. కానీ వారం తిరిగేసరికి కొత్త చిక్కులు మొదలవుతాయి. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపు ఇప్పుడు రెండో గేరు అడుగుతుంది. ఘాటు దిగేటప్పుడు బ్రేకు ఇంకాస్త గట్టిగా తొక్కాల్సి వస్తుంది. స్టీరింగు బరువెక్కుతుంది. మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది.

ఇంజను అదే, గేరు పెట్టె అదే. మరి బలం ఎక్కడికి పోయింది? ట్రాక్టరుకు అంత పెద్ద టైరున్నా దమ్ములో దున్నుకుంటూ పోతుంది కదా, జీపుకు అదే సూత్రం ఎందుకు పనిచేయదు?

పెరిగిన ఎత్తులో దక్కేది సగమే

ముందు లాభం సంగతి చూద్దాం. బొలెరోల్లో వాడుకలో ఉన్న ఒక సైజు 215/75 ఆర్ 15. దాని నిలువు ఎత్తు, అంటే నేల నుంచి టైరు పైఅంచు దాకా, సుమారు 703 మిల్లీమీటర్లు. అదే రిమ్ముకు 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 733 అవుతుంది. పెరిగింది 30 మిల్లీమీటర్లు. కానీ ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యలో. కాబట్టి ఇరుసు పైకి లేచేది అందులో సగం, 15 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇంకా పెద్దది కావాలని 31 అంగుళాల టైరు వేస్తే ఎత్తు 787 మిల్లీమీటర్లు. పాతదానికన్నా 84 ఎక్కువ, ఇరుసు లేచేది 42. రాయి మీద హౌసింగు తగలకుండా దాటడానికి ఈ 42 మిల్లీమీటర్లు పనికొస్తాయి, అందులో సందేహం లేదు. ఫోర్ బై ఫోర్ బండికి ఈ విషయంలో టైరుకు మించిన ఉపాయం లేదు. కమాను కట్టలు ఎత్తు చేస్తే బాడీ లేస్తుంది గానీ ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే హౌసింగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే. ఆ లాభానికి చెల్లించే ధర ఎంతన్నదే ప్రశ్న.

■ బాక్సు: టైరు పక్క మీది అంకెలు

215/75 ఆర్ 15, 100 ఎస్ అని ఉంటే:
• 215: టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
• 75: పక్కగోడ ఎత్తు, వెడల్పులో ఎన్నో శాతం. 215లో 75 శాతం అంటే 161 మిల్లీమీటర్లు.
• ఆర్: రేడియల్ టైరు.
• 15: రిమ్ము కొలత, అంగుళాల్లో. అంటే 381 మిల్లీమీటర్లు.
• మొత్తం ఎత్తు: రిమ్ముకు పైనొక పక్కగోడ, కిందొక పక్కగోడ కలపాలి. 381కి 161 రెండుసార్లు కలిపితే సుమారు 703.
• 100: మోయగల బరువు సంకేతం. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు. 97 అయితే 730 కిలోలు, 105 అయితే 925.
• ఎస్: గరిష్ఠ వేగ సంకేతం, గంటకు 180 కిలోమీటర్లు. క్యూ అయితే 160.

పాత జీపుల టైర్ల మీద 6.00-16 అని ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము, రెండూ అంగుళాల్లోనే.

పోయిన బలం ఎక్కడికి పోయింది?

బావి తవ్వేటప్పుడు మట్టిని పైకి లాగే అడ్డదుంగను గుర్తు తెచ్చుకోండి. పిడి తిప్పుతుంటే తాడు దుంగకు చుట్టుకుని బుట్ట పైకొస్తుంది. సన్నటి దుంగ అయితే ఒక చుట్టుకు తాడు కొంచెమే వస్తుంది గానీ తిప్పడం తేలిక. లావు దుంగ అయితే ఒక చుట్టుకే ఎక్కువ తాడు వస్తుంది, కానీ చేతులు పట్టేస్తాయి. మనిషి బలం మారలేదు, బుట్ట బరువు మారలేదు, మారింది దుంగ లావు ఒక్కటే.

జీపులో ఇంజను, గేర్లు కలిసి ఇరుసును తిప్పే బలం ఆ పిడి తిప్పే చేయి. టైరు ఆ దుంగ. నేల మీద బండిని ముందుకు తోసే బలం, ఇరుసు తిప్పే బలాన్ని టైరు వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదే. టైరు పెద్దదైన మేరకు నేల దగ్గర తోపు తగ్గుతుంది. 703 నుంచి 733కు వెళ్తే తోపు సుమారు 4 శాతం తగ్గుతుంది. 787కు వెళ్తే దాదాపు 11 శాతం. అన్ని గేర్లూ ఒకేసారి కాస్త బరువెక్కినట్టు లెక్క. మూడో గేరులో ఇంజను లాగగలిగే చుట్ల కన్నా కిందికి పడిపోతుంది, డ్రైవరు రెండో గేరుకు దిగుతాడు. ఘాటులో జరిగేది ఇదే.

దీనికి తోడు బరువు. పెద్ద టైరు బరువూ ఎక్కువే, ఆ బరువు ఉండేది ఇరుసుకు దూరంగా, అంచున. తిరిగే వస్తువును కదిలించడం ఎంత కష్టమో బరువుతో పాటు దూరం వర్గాన్ని బట్టి కూడా ఉంటుంది. టైరు ఎత్తు 12 శాతం, బరువు 30 శాతం పెరిగిందనుకుంటే దాన్ని తిప్పడం మొదలుపెట్టడానికి పడే కష్టం 60 శాతానికి పైగా పెరుగుతుంది. ఆగి కదిలే ప్రతిసారీ ఇంజనూ క్లచ్చూ ఆ భారం మోయాలి. పాత తరం డీజిలు ఇంజన్లలో మిగులు శక్తి తక్కువ కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకా చిన్న ఇంజనున్న మారుతీ జిప్సీలో మరీనూ.

ట్రాక్టరుకు ఈ బాధ ఎందుకు లేదంటే దాని వెనక ఇరుసులోని గేర్లను ఆ టైరు కొలతను బట్టే చేశారు. ఇంజను ఎన్నో చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. టైరు, గేర్లు ఒకదానికొకటి జోడీగా పుట్టాయి. జీపులో ఆ జోడీని మనం టైరు మార్చి విడదీస్తున్నాం. అందుకే చాలా పెద్ద టైర్లు వేసేవారు హౌసింగులోని క్రౌను, పినియనులను కూడా మార్చి గేర్ల నిష్పత్తిని సరిచేసుకుంటారు. ఏ మార్పూ చేయని బండికి ఆ వెసులుబాటు లేదు.

ఒక ఊరట ఉంది. ఫోర్ బై ఫోర్‌లో లో రేంజి వేస్తే ఇరుసు బలం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అడవిదారిలో 11 శాతం నష్టం ఆ లెక్కలో కొట్టుకుపోతుంది. దెబ్బ తెలిసేది తారురోడ్డు మీద, హై రేంజిలో, మనుషుల్నీ సరుకునూ ఎక్కించుకుని ఘాటు ఎక్కేటప్పుడు.

ఎక్కడం కన్నా దిగడం కష్టం

బలం తగ్గితే గేరు తగ్గించి ఎక్కేయవచ్చు. బ్రేకు సంగతి అలా కాదు. పైకి లాగిన మట్టిబుట్ట జారిపోకుండా పిడిని ఆపాలన్నా దుంగ లావయ్యే కొద్దీ చేతికి బరువు ఎక్కువ తగులుతుంది. చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము మారలేదు, లైనర్లు మారలేదు. నేల మాత్రం ఆ చక్రాన్ని ఇంకా పొడవైన మీట పట్టుకుని తిప్పుతోంది. కాలు అంతే గట్టిగా తొక్కితే బండిని ఆపే బలం అదే 4 శాతమో 11 శాతమో తగ్గుతుంది. గేరులో పెట్టి ఇంజనుతో బండిని పట్టి ఉంచే గుణం కూడా అంతే తగ్గుతుంది. దాంతో డ్రైవరు బ్రేకు మీదే ఎక్కువ ఆధారపడతాడు.

డ్రమ్ము బ్రేకు వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది. పెడలు ఇంకా లోపలికి పోతుంది. వేడికి లైనరు పట్టు కూడా సన్నగిల్లుతుంది. శ్రీశైలం నుంచి డోర్నాలకు నిండు బండితో దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతున్నప్పుడు ఈ మూడూ కలిసి వస్తాయి. పెద్ద టైరు వేసిన బండి ఘాటు దిగేటప్పుడు అలవాటైన గేరు కన్నా ఒకటి తక్కువలో దిగాలి. బండి కాస్త ఎత్తయింది కాబట్టి మలుపుల్లో పక్కకు ఒరిగే గుణమూ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

మైలేజీ నిజంగా పడిందా?

మీటరు చక్రం ఎంత దూరం పోయిందో చూడదు, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. 31 అంగుళాల టైరుతో ఒక్కో చుట్టుకు బండి 12 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి వేగం 67కు చేరువలో ఉంటుంది. మీటరు 100 కిలోమీటర్లు చూపినప్పుడు బండి నిజంగా నడిచింది 112.

కాబట్టి మైలేజీ పడిందని కంగారుపడే ముందు మీటరు అంకెను 1.12తో గుణించి చూడాలి. నష్టంలో కొంత ఉత్తదేనని తేలుతుంది. మిగిలిందే అసలు నష్టం, అది టైరు బరువు వల్ల, గట్టి గాడుల వల్ల వచ్చేది. సర్వీసింగు, ఆయిలు మార్పిడి మాత్రం మీటరును నమ్మి ఆలస్యం చేయకూడదు.

వెడల్పు పెరిగితే పట్టు పెరుగుతుందా?

చాలామంది వెడల్పాటి టైరు నేలను ఎక్కువగా కరుచుకుంటుందని అనుకుంటారు. టైరు నేలకు ఆనే మేర ప్రధానంగా రెండింటి మీద ఆధారపడుతుంది: దాని మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ఒక చక్రం మీద 400 కిలోలు ఉండి లోపల 30 పాయింట్ల గాలి ఉంటే ఆనే మేర సుమారు 190 చదరపు సెంటీమీటర్లు. అదే గాలితో వెడల్పు టైరు వేసినా ఆ మేర పెద్దగా మారదు. ఆకారం మారుతుంది: అడ్డంగా వెడల్పు, నిలువుగా పొట్టి. గాలిని 18 పాయింట్లకు దింపితే మాత్రం ఆ మేర 300 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. పైసా ఖర్చు లేకుండా టైరు నేల మీద పరుచుకుంటుంది.

గుండ్లకమ్మ ఇసుకలో చక్రం కూరుకుపోయినప్పుడు కావలసింది ఇదే. ఇసుక మీద ఒత్తిడి తగ్గితే చక్రం కిందికి తవ్వుకోకుండా పైన తేలుతుంది. గాలి తగ్గించినప్పుడు పెరిగేది ముఖ్యంగా ఆనే మేర పొడవు. పాత టైరుతోనే ఇది సాధ్యం. అయితే ట్యూబు టైరులో గాలి బాగా దించితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగే ప్రమాదం ఉంది. ఇసుక దాటాక నెమ్మదిగా పోయి, తారురోడ్డు ఎక్కే ముందే గాలి మళ్లీ నింపాలి. మన ఎండల్లో గాలి తక్కువైన టైరు రోడ్డు మీద వేగంగా తిరిగితే పక్కగోడ పదేపదే వంగి, లోపల వేడి పుట్టి పొరలు విడిపోతాయి.

బురద లెక్క వేరు. పైన జారుడు మట్టి, కొద్ది లోతులో గట్టి నేల ఉన్న బాటలో సన్నటి టైరు బురదను చీల్చుకుని గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పుది పైపైన తేలి జారుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జీపు పేరు తెచ్చుకున్నది 6 అంగుళాల వెడల్పు టైర్ల మీదే. 1940ల చివర్లో మహీంద్రా మన దేశంలో జీపుల కూర్పు మొదలుపెట్టాక కూడా చాలాకాలం ఆ సన్నటి టైర్లే నడిచాయి.

నల్లరేగడిలో మరో చిక్కు. ఆ మట్టి గాడుల్లో కూరుకుని టైరును నున్నగా చేసేస్తుంది. గాడులు లోతుగా, ఎడంగా ఉంటే తిరిగేటప్పుడు మట్టి విసిరేయబడుతుంది. అక్కడ పనిచేసేది గాడి. టైరు సైజు పెంచితే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య జాగా తగ్గి, మట్టి అక్కడే ఇరుక్కుని చక్రాన్ని పట్టేయవచ్చు కూడా.

పలకరాయి ముందు పక్కగోడ

మార్కాపురానికి పేరు తెచ్చిన రాయికి ఒక గుణం ఉంది. అది పొరలు పొరలుగా, చదునుగా చీలుతుంది. అందుకే పిల్లల పలకలయ్యింది. ఆ చీలిక అంచు పదును. గనుల దగ్గర పారబోసిన ముక్కల మీద నడిచే బండికి టైరు అడుగుభాగం కన్నా పక్కగోడకే ప్రమాదం. రేడియల్ టైరు అడుగున ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్కగోడలో సాధారణంగా ఒకటి రెండు పాలిస్టరు దారాల పొరలు, పైన పలచటి రబ్బరు, అంతే. అక్కడ కోత పడితే పంచరు షాపులో అతుకు నిలవదు.

గాలి దించితే పక్కగోడ బయటికి ఉబ్బి రాయికి ఎదురు పోతుంది. ఇసుకలో మేలు చేసిన ఉపాయమే పలకరాళ్ల మీద కీడు చేస్తుంది. గనుల దారుల్లో గాలి పూర్తిగా ఉంచి నిదానంగా పోవడం మంచిది. అలాంటి చోట తిరిగేవారు సైజు కన్నా పక్కగోడలో పొరలు ఎక్కువున్న, బరువు సంకేతం పెద్దదైన టైరుకు డబ్బు పెట్టడం తెలివి.

■ బాక్సు: ముందు చిన్నవి, వెనక పెద్దవి వేయొచ్చా?

డబ్బు సరిపోక వెనక రెండే పెద్దవి వేయించేవారు ఉన్నారు. టూ వీల్‌లో నడిచినంతకాలం ఇబ్బంది కనబడదు. ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి కట్టేసినట్టే, పాత జీపుల్లో ఆ రెండింటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. రెండు ఇరుసులూ సమానంగా తిరుగుతాయి, టైర్లు మాత్రం వేర్వేరు దూరాలు పోవాలంటాయి. ఆ పోరు జాయింట్ల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీద పడుతుంది. ఫోర్ బై ఫోర్ ట్రాక్టరులో ముందు చక్రాలు చిన్నవైనా ఫర్వాలేదు, ఆ తేడాకు సరిపడా గేర్లు లోపలే వేశారు. జీపులో నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. స్టెపినీ కూడా అదే సైజు కావాలి.

స్టీరింగు, బేరింగులు, చట్టం

పవర్ స్టీరింగు లేని జీపులో పెద్ద టైరు తిప్పే బరువంతా చేతుల మీదికే వస్తుంది. గుంటలో పడ్డప్పుడు వచ్చే కుదుపు టై రాడ్లకూ కింగ్‌పిన్నులకూ గట్టిగా తగులుతుంది. అవి అరిగి ఉంటే ఒక వేగం దగ్గర ముందు చక్రాలు రెండూ వణకడం మొదలవుతుంది. టైరు లోపల రాసుకుంటోందని స్పేసర్లు పెట్టి చక్రాన్ని బయటికి జరిపితే హబ్బు బేరింగు మీద వంపు భారం పెరుగుతుంది. రిమ్ము వెడల్పు కూడా చూడాలి. 31 అంగుళాల, 10.5 వెడల్పు టైరుకు కనీసం 7 అంగుళాల వెడల్పు రిమ్ము ఉండాలి.

చట్టం సంగతీ మరవకూడదు. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షను వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. టైరు సైజు, పొరల బలం గురించి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 95వ నిబంధన ఉంది. కార్లు, జీపుల టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని 94వ నిబంధన. అదే మోడలు బండికి కంపెనీ మాన్యువల్లో రెండో సైజు ఇచ్చి ఉంటే దాన్ని ఎంచుకోవడం అన్ని విధాలా క్షేమం. ఫిట్‌నెస్ దగ్గర, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ ఉండదు.

■ బాక్సు: కొనే ముందు

• పాత, కొత్త టైర్ల ఎత్తు లెక్కకట్టండి. తేడా 3 శాతం లోపు ఉంటే పెద్ద చిక్కు రాదు. 4, 5 శాతం దగ్గర బ్రేకు, గేరు తేడా తెలుస్తుంది. 10 శాతం దాటితే మార్పులు చేయని బండికి అది తగదు.
• కొత్త టైరు బరువు సంకేతం పాతదానికి తగ్గకూడదు. సరుకు వేసే బొలెరో క్యాంపరు లాంటి బండికి ఇది మరీ ముఖ్యం.
• ముందు ఒక్క చక్రానికి వేసి, రెండువైపులా స్టీరింగు పూర్తిగా తిప్పి చూడండి. తర్వాత ఆ చక్రాన్ని ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించి, కమాను నొక్కుకుపోయినప్పుడు మడ్‌గార్డుకో కట్టకో తగులుతుందేమో చూడండి.
• స్టెపినీ దాని స్థానంలో పడుతుందా?
• టైర్ల కన్నా ముందు బ్రేకు లైనర్లు, కింగ్‌పిన్నులు, హబ్బు బేరింగులు బాగుచేయించండి.
• కొత్త సైజుకు గాలి ఎంతో టైరు కంపెనీ పట్టిక చూసి, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించండి. షాపులో "ఎన్ని పాయింట్లు పెట్టమంటావన్నా?" అని అడిగితే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

అరిగిన టైర్లు మార్చే వేళ మీ దారిలో ఎక్కువ భాగం ఏ నేలో ముందు తేల్చుకోండి. ఇసుకైతే గాలి, మట్టయితే గాడి, పలకరాయైతే పక్కగోడ పొరలు పని చేస్తాయి. ఇరుసు రాళ్లకు తగిలే దారుల్లో మాత్రమే ఎత్తు పని చేస్తుంది. ఆ దారి మీదైతే ఒక్క మెట్టు పెంచండి, బ్రేకులు సరిచేయించుకున్నాకే పెంచండి. అది మీ దారి కాకపోతే కంపెనీ ఇచ్చిన సైజులోనే మంచి గాడి ఉన్న టైరు కొని, మిగిలిన డబ్బుతో గాలి గేజీ ఒకటి, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి బండిలో పెట్టుకోండి. పాత జీపుకు ఎక్కువ మేలు చేసేవి ఆ రెండే.